ఒకటి లేదా రెండు

మా బంధువుల్లో సగం మందికి నేను ఏం డాక్టర్నో ఇప్పటికీ తెలీదు. పెళ్ళిళ్ళలో ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "డాక్టరే గానీ మందులు రాయదు" అంటారు, అదేదో నాలో ఉన్న లోపమైనట్టు. నేను పాథాలజిస్టుని. ఒంట్లోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి, అదేమిటో, ఎంతదాకా వెళ్ళిందో రాసి ఇవ్వడం నా పని. మనిషి మొహం చూడకుండా అతని భవిష్యత్తు రాసే వృత్తి ఇంకొకటి కూడా ఉంది. వాళ్ళు జాతకాలు వేస్తారు, మాకన్నా ఎక్కువ మర్యాద పొందుతారు.

ఈ విద్యలోకి కొత్తగా వస్తున్న మీలాంటి పిల్లల కోసం ఏదైనా రాయమన్నారు. ఉద్యోగంలో మీరు గొప్పగా తేల్చిన కేసు చెప్పండి అన్నారు. గొప్పగా తేల్చినవి అందరూ చెబుతారు, పైగా చెప్పేకొద్దీ అవి ఇంకా గొప్పవవుతాయి. నేను తేల్చలేకపోయింది ఒకటి చెబుతాను. అందులో నా తప్పేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను, చివర్లో మీరు వెతుక్కోనక్కర్లేకుండా.

తొంభైల మధ్యలో సంగతి. అప్పుడు బెజవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉండేదాన్ని. కట్టేటప్పుడు ల్యాబు సంగతి మర్చిపోయి, తర్వాత గుర్తొచ్చి మెట్ల కింద కట్టారు. మే నెలలో, ముక్కల్ని బిగించే మా పారఫిన్ మైనం కరిగించడానికి కరెంటు అక్కర్లేదని మా టెక్నీషియను అనేవాడు. పైనున్న ఆపరేషన్ థియేటర్లో మాత్రం చల్లగా ఉండేది. అక్కడ మా ఛాతీ సర్జన్ రాజ్యం.

ఆయన చెయ్యి చాలా మంచిది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ వైపు నుంచి, కొండపల్లి నుంచి, అటు దివిసీమ దాకా ఊపిరితిత్తుల రోగులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మనిషి కూడా మంచివాడే. ఒక్కటే అలవాటు. ఆపరేషన్ అవగానే తీసిన ముక్కని ట్రేలో పెట్టుకుని థియేటర్ తలుపు దగ్గరికి వచ్చి బంధువులకి చూపించేవాడు. ఇది ఆయన ఒక్కడి అలవాటు కాదు లెండి, మన వైపు చాలా ఆస్పత్రుల్లో ఉన్నదే. చూపించకపోతే నిజంగా తీశారా, ఊరికే కోసి కుట్టారా అని బయటివాళ్ళకి అనుమానం. కానీ మిగతావాళ్ళు చూపించి లోపలికి వెళ్ళిపోతారు. ఈయన మాత్రం పెళ్ళివారు సారె పరిచి చూపించినట్టు చూపించేవాడు. అందరూ ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూసి "అమ్మో, ఇంతదా" అంటే ఆయన మొహం వెలిగిపోయేది. లోపలెలా ఉంటుందండీ అని ఎవరైనా అడిగితే బ్లేడుతో కోసి కూడా చూపించేవాడు. ఆ సంబరమంతా అయ్యాక అది మెట్ల కిందికి, నా దగ్గరికి వచ్చేది.

ముక్కని ముట్టుకోకుండా, కొయ్యకుండా పంపండి మహాప్రభో అని ఆయనకి ఎన్నోసార్లు చెప్పాను. "మీకు మైక్రోస్కోపు ఉంది మేడమ్. వాళ్ళకేముంది?" అనేవాడు.

ఇక రోగి. బందరు రేవులో చేపల వేలం వేసే మనిషి. నలభై దాటిన వయసు, గట్టి ఒళ్ళు. తెల్లవారేసరికి పడవలొస్తాయి, గంపలు వరసగా దించుతారు, ఈయన ఒక్కో గంప దగ్గరా నిలబడి ధర పెంచుతూ పోవాలి. వ్యాపారులు చుట్టూ మూగి ఉంటారు, గాలి, సముద్రం హోరు, వాటన్నిటి మీదా ఈయన గొంతు వినపడాలి. రేవులో వేలం వేసే హక్కుని 'పాట' అంటారు. అది రేవు పెద్దలు ఇస్తారు, పెద్దలే తీసేస్తారు. ఈయన తండ్రి కూడా అదే పని చేశాడట. పడవ లేదు, వల లేదు, గొంతే ఆస్తి.

ఆ ఏడు ఆ గొంతు మొరాయించింది. మొదటి గంపలకి గణగణలాడేది. కొన్ని గంపలయ్యాక ముక్కులోకి పోయేది. ఇంకాస్త ముందుకెళ్తే మాట ముద్దయ్యేది, కనురెప్పలు వాలిపోయేవి. పక్కకెళ్ళి కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలే. తెల్లారకుండానే తాగొస్తున్నాడని రేవంతా తీర్మానించుకుంది. చుక్క ముట్టని మనిషి. "నిజంగా తాగుబోతునైనా బాగుండేదండి, మానేస్తే పోయేది" అని తర్వాత నాతో అన్నాడు.

బందరులో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు గొంతులోకి టార్చిలైటు వేసి చూసి బాగానే ఉందన్నారు. చివరికి మా ఆస్పత్రి నరాల డాక్టరు దగ్గరికి వచ్చాడు. ఆ డాక్టరుకి జబ్బు కళ్ళారా చూస్తే గానీ నమ్మకం కుదరదు. "ఇక్కడే వేలం వెయ్యి" అన్నాడట. గదిలో ఉన్న బల్ల, కుర్చీ, తెర, బరువు చూసే మిషను వరసగా వేలం వేయించాడు. బరువు మిషను దగ్గరికి వచ్చేసరికి గొంతు ముక్కులోకి పోయింది, రెప్పలు వాలాయి. ఒక ఇంజెక్షన్ ఇచ్చి కాసేపాగి, ఇప్పుడు ఫ్యాను వెయ్యి అన్నాడు. ఫ్యానుకి గొంతు ఖంగున మోగింది. బయట బెంచీల మీద కూర్చున్న రోగులంతా తలుపు దగ్గర చేరారు. ఒకాయన ఫ్యానుకి ధర కూడా చెప్పాడని నర్సులు చాన్నాళ్ళు చెప్పుకుని నవ్వారు.

జబ్బు పేరు మయస్తీనియా. నరం పంపిన కబురు కండరానికి సరిగ్గా అందదు. వాడేకొద్దీ కండరం డీలా పడుతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఈ జబ్బున్న కొందరిలో థైమస్ అనే గ్రంథిలో గడ్డ ఉంటుంది. రొమ్ము ఎముక వెనక, గుండెకి పైన ఉంటుంది ఆ గ్రంథి. చిన్నతనంలో ఒంటికి రక్షణ ఎలా చేసుకోవాలో నేర్పి, పెద్దయ్యాక కొవ్వుగా మారి మూల కూర్చుంటుంది. రిటైరైన మేష్టారు అన్నమాట. రిటైరయ్యాక ఊరుకోకుండా మళ్ళీ పెత్తనం చేస్తేనే ఇలాంటి చిక్కులు. స్కానింగులో ఈయనకి అక్కడ గడ్డ కనిపించింది. తీసెయ్యాలన్నారు.

ఈ గడ్డల గురించి ఒక ముక్క చెబితే గానీ మిగతాది అర్థం కాదు. మైక్రోస్కోపులో చూసి ఇది మంచిది, ఇది చెడ్డది అని చెప్పడం వీటి విషయంలో కష్టం. ఎంత సాధువుగా కనపడే గడ్డయినా పదేళ్ళ తర్వాత తిరిగి రావచ్చు. అందుకని అది ఎలా ఉందన్నదాని కన్నా ఎక్కడిదాకా వెళ్ళిందన్నది చూస్తారు. జపాన్‌లో ఒక సర్జన్ పెట్టిన లెక్క మేమంతా వాడేవాళ్ళం. గడ్డ చుట్టూ ఉన్న తొడుగు దాటకపోతే ఒకటో స్టేజి. తొడుగు చీల్చుకుని చుట్టూ ఉన్న కొవ్వులోకి దిగితే రెండు. పక్కనున్న గుండె సంచిలోకో ఊపిరితిత్తిలోకో పోతే మూడు. విత్తనాలు చల్లినట్టు ఊపిరితిత్తి పొర మీద అక్కడక్కడా మొలిస్తే నాలుగు. చూశారుగా, అంతా ఆ తొడుగు మీదే ఆధారపడి ఉంది. ఒకటికి ఆపరేషనే చాలు. రెండైతే రేడియేషన్ పెట్టడం అప్పటి పద్ధతి.

స్టేజి అనే మాట ఆయనకి కొత్త కాదు. రేవులో ఎవరో నోటి కేన్సరుతో పోయినప్పుడే ఆ మాట అక్కడికి చేరింది. ఆపరేషన్ ముందు రక్తపరీక్షకి మెట్ల కిందికి వచ్చినప్పుడు, సూది గుచ్చించుకుంటూ నన్ను అడిగాడు. తీసిన గడ్డ చూసి స్టేజి చెప్పేది మీరేనటగా అని. నేనే అన్నాను.

"మా పెద్దలు ఒక మాటన్నారండి. ఒకటో స్టేజైతే పాట నాకే ఉంచుతారంట. పైదైతే సీజను మొదలయ్యే లోపు మా బావమరిదికి ఇచ్చేత్తారంట. పోయేవాడి చేతిలో పాట పెట్టకూడదని వాళ్ళ ఉద్దేశం. కాస్త చూసి రాయండి డాక్టరమ్మా."

చూసి రాయకుండా ఎలా రాస్తానయ్యా అన్నాను. ఆ బావమరిది పక్కనే ఉన్నాడు. భార్యకి తమ్ముడు. తల వంచుకుని నేల చూస్తున్నాడు.

ఆపరేషన్ రోజు బందరు నుంచి బస్సు దిగిన జనంతో వరండా నిండిపోయింది. ఆపరేషన్ బాగా జరిగింది. సర్జన్ యథాప్రకారం ట్రేతో తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. డబ్బా మూత తీశాక నాకు కనిపించింది మాత్రం చెబుతాను. బత్తాయి కాయంత గడ్డ. ఒక పక్క తిన్నగా కత్తి గాటు. రెండో పక్క తొడుగు పగిలి, లోపలి పదార్థం బయటికొచ్చి చుట్టూ ఉన్న కొవ్వు మీద పరుచుకుని ఉంది. గాటు ఎవరిదో అడగక్కర్లేదు. ఆ పగులు ఎక్కడిది?

తమాషా ప్రశ్న కాదు అది. గడ్డే తొడుగు చీల్చుకుని బయటికొస్తే రెండో స్టేజి. ఛాతీ లోపల తీసేటప్పుడు పగిలితే కణాలు లోపల చిందాయన్నమాట, అది ఇంకా చెడ్డది. బయటికొచ్చాక ఎవరైనా పగలగొడితే రోగికి ఏమీ కాదు, నాకు మాత్రం ఏమీ తెలీదు. డబ్బాతో పంపిన చీటీలో సర్జన్ 'ఒక చోట గుండె సంచికి అంటుకుని ఉంది, వేలితో విడదీశాను' అని రాశాడు. ఏ చోటో దారం వేసి గుర్తు పెట్టలేదు. డబ్బా పట్టుకుని మెట్లెక్కాను.

అంటుకున్న చోటు ఏదని అడిగాను. గడ్డని అటూ ఇటూ తిప్పి సరిగ్గా ఆ పగులు మీదే వేలు పెట్టాడు. లోపలుండగా పగిలిందా అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. తన చేతిలో ఏదీ పగలదన్నాడు. మరి ఎక్కడ పగిలిందండీ అన్నాను.

"ఎవరో నొక్కారు మేడమ్," అన్నాడు.

గ్లవుజు లేని చేత్తో, తలుపు దగ్గర, ట్రేలో ఉన్న ముక్కని నొక్కారు. నొక్కనిచ్చారు. దానికి నేనన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

ఎవరు నొక్కారో తెలుసుకోవడం పోలీసుల పనిలా తయారైంది. కిందికి పిలిపిస్తే బావమరిది నేను ముట్టుకోలేదన్నాడు. సర్జన్ నేను కొయ్యలేదన్నాడు, గాటు ఎదురుగా కనపడుతుండగానే. మీకు ముందు ముందు పనికొస్తుందని చెబుతున్నాను, మన విద్యలో ఎక్కువ అబద్ధాలు కణాలు చెప్పవు. రోగి భార్య అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడా చేపల వ్యాపారే, గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగిన మనిషి. లోపలికొచ్చి తమ్ముడి వైపు తిరిగింది.

"బొటనేలు పెట్టి నొక్కావా లేదా? నేను చూశాను. చెప్పు."

అప్పుడు చెప్పాడు. వాళ్ళ రేవులో వేలం నడుస్తున్నంతసేపూ ఎవరూ చేపని ముట్టుకోకూడదు, కళ్ళతో చూసి ధర కట్టాలి. ధర ఖాయమైతే మాత్రం సరుకు నీదే, అప్పుడు మొప్పల మీది డొప్పలెత్తి చూడొచ్చు, నొక్కి చూడొచ్చు. నొక్కితే సొట్ట పడి లేవకపోతే పాత చేప. "తీసేసి పళ్ళెంలో మా ముందు పెట్టారు గదండీ. అయిపోయిందనుకున్నాను. మెత్తగుందో గట్టిగుందో చూద్దామని నొక్కాను" అన్నాడు. ఏ వైపు నొక్కావంటే డబ్బాలో చూసి, ఈ వైపే కావచ్చన్నాడు. మళ్ళీ ఆలోచించి, ఆ వైపు కూడా కావచ్చన్నాడు. అక్కడితో నా విచారణ ముగిసింది.

మిగిలింది మైక్రోస్కోపు. గడ్డ చుట్టూ మామూలుగా తీసే వాటికన్నా చాలా ఎక్కువ ముక్కలు తీయించాను. మా టెక్నీషియను విసుక్కుంటూనే అన్నీ చేసిపెట్టాడు. అంతటా తొడుగు శుభ్రంగా ఉంది, ఎక్కడా దాటలేదు. ఆ పగిలిన చోట మాత్రం తొడుగు పీలికలైంది. కొవ్వు మీద కణాలున్నాయి. అవి వాటంతటవే నడిచొచ్చాయా, బొటనవేలు తోస్తే వచ్చాయా? నడిచొస్తే వాటి చుట్టూ కొవ్వు కాస్త ప్రతిఘటిస్తుంది, నారలా గట్టిపడుతుంది. ఒక స్లైడులో గట్టిపడినట్టు అనిపించేది. మర్నాడు అదే స్లైడు చూస్తే గుండె సంచికి అంటుకున్నందువల్ల వచ్చిన గట్టిదనం అనిపించేది. రెండూ ఒకేలా ఉంటాయి. సరిగ్గా తేల్చాల్సిన చోటే తేలకుండా పోయింది.

సర్జన్ వచ్చి ఒకటి రాసెయ్యండి, నేను కళ్ళారా చూశాను, ఊరికే అంటుకుంది అంతే అన్నాడు. రేడియేషన్ డాక్టరు వేరే ఆస్పత్రిలో ఉండేవాడు. ఆయన ఫోన్ చేసి రెండు రాసెయ్యండి, నాకు పని తేలికవుతుంది అన్నాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా అడిగారు. ఒకరి పరువు, ఒకరి సౌకర్యం. మధ్యలో ఒక మనిషి పాట. నాకు ఒకటి రాయాలనే ఉంది, ఆ సంగతి దాచను. ఆయన గొంతు మళ్ళీ రేవులో వినపడాలని ఉంది. కానీ లేనిది చూశానని రాస్తే రేపు రేడియేషన్ అందక అది తిరిగొస్తే ఏం చెప్పాలి? చూసింది చూసినట్టు రాశాను. తొడుగు బయటికి తీశాక చిరిగింది, మిగతా చోట్ల దాటలేదు, చిరిగిన చోట చెప్పలేను. స్టేజి ఒకటి లేదా రెండు.

నా జీవితంలో నేను రాసిన అత్యంత నిజాయితీ గల వాక్యం అదే. దానివల్ల జరిగినంత అన్యాయం నా మిగతా రిపోర్టులన్నీ కలిపినా జరగలేదు.

ఎందుకంటే 'ఒకటి లేదా రెండు' అంటే లోకానికి రెండే. రేడియేషన్ డాక్టరు రెండనుకుని ఇచ్చేద్దాం, పోయేదేముంది అన్నాడు. వారాల తరబడి రేడియేషన్ ఇచ్చారు, పాపం తిండి మింగుడు పడక చిక్కిపోయాడు. రేవు పెద్దలు రిపోర్టు ఎవరిచేతో చదివించుకుని, రెండో స్టేజంట అనుకుని పాట బావమరిదికి ఇచ్చేశారు. సర్జన్ తన గాటు సంగతి ఎత్తకుండా, మీవాడు నొక్కడం వల్లే స్టేజి తేలలేదని కుటుంబానికి చెప్పాడు. ఆ మాట బందరు చేరేసరికి బావమరిది నొక్కితే కేన్సరు పగిలిందని మారింది. పాట కోసమే నొక్కాడని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. భార్య ఒకరోజు నా దగ్గరికొచ్చి, తమ్ముడు నొక్కకపోయుంటే ఒకటే వచ్చేదా అని అడిగింది. చెప్పలేనమ్మా, రెండే వచ్చేదేమో కూడా అన్నాను. "మీరు ఏదీ చెప్పరేంటండి" అంది. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. అంత చదువు చదివి.

ఈ గడ్డ తీసేస్తే మయస్తీనియా వెంటనే పోదు. నెమ్మదిగా, ఏడాదికో రెండేళ్ళకో తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఈయనకి తగ్గింది. మాత్ర వేసుకుంటే గొంతు నిలబడేది. ఈలోగా రేవులో బావమరిది వేలం వేస్తున్నాడు. నిజాయితీపరుడే గానీ ధర పెంచాల్సిన చోట కొనేవాళ్ళ మీద జాలిపడేవాడట. పడవల వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఒకరోజు బావమరిదికి జ్వరం వస్తే ఈయన వెళ్ళి గంప దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు ధరలు చూశాక రెండో స్టేజి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పాట తిరిగిచ్చారని ఎవరూ అనలేదు, ఆయన దిగలేదు, అంతే.

ఆ తర్వాత మా పుస్తకాలు మారాయి. నేను రాసినప్పుడు ఆ గడ్డకి ఒక పేరుండేది. కొన్నేళ్ళకి ప్రపంచంలోని పెద్దలంతా కూర్చుని ఈ గడ్డలకి ఎ, బి, సి అని ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు, బి లో మళ్ళీ మూడు రకాలు. ఇంకొన్నేళ్ళకి మళ్ళీ కూర్చుని దిద్దారు. స్టేజీల గీతలు కూడా కాస్త అటూ ఇటూ జరిపారు. నా బీరువాలో ఆ స్లైడు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ప్రతిసారీ దాని పేరు మారేది, అది మారేది కాదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి ఆయన మళ్ళీ వచ్చాడు. మామూలు పరీక్షకి తీసిన స్కానింగులో ఊపిరితిత్తి పొర మీద చిన్న చిన్న గడ్డలు కనపడ్డాయి. సూదితో తీసిన నమూనా నా దగ్గరికి వచ్చింది. పాత స్లైడు తీసి పక్కన పెట్టి చూశాను. అదే. ఇంతకాలం ఎక్కడ కూర్చుందో. ఈసారి తేల్చడానికి ఏ ఇబ్బందీ లేదు, పగులూ లేదు, బొటనవేలూ లేదు. నాలుగో స్టేజి. చదువు ముగించుకుని కొత్తగా వచ్చిన కేన్సరు డాక్టరు ఆ అంకెని ఆయన మొహం మీద చెప్పేశాడు. మా వేలం మనిషి అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

నాకు తెలిసింది చెప్పాను. ఇది మిగతా కేన్సర్ల నాలుగు లాంటిది కాదు, నెమ్మదిగా నడుస్తుంది, మందులకి లొంగుతుంది, దీంతో చాలా ఏళ్ళు బతికినవాళ్ళున్నారు, మాట ఇవ్వలేను. ఆయన అదంతా విని, గొంతు పోతుందా అని ఒక్కటే అడిగాడు. గొంతుకి మాత్ర ఉంది కదా, ఈ గడ్డలున్నా ఇప్పటిదాకా నిలబడే ఉందిగా అన్నాను.

"అయితే ఈ నాలుగు మా రేవుకి తెలియనియ్యకండి. ఒకటో రెండో తెలియనప్పుడే దించేశారు. ఇప్పుడు దించితే మళ్ళీ ఎక్కనియ్యరండి."

రేవులో ఎవరికీ చెప్పకుండా బెజవాడ వచ్చి కీమో చేయించుకున్నాడు, కొల్లేరు చేపల బేరానికి వెళ్తున్నానని చెప్పి. జుట్టు ఊడిపోయింది. రేవులో అందరూ తలకి తువ్వాలు చుట్టుకునే ఉంటారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆయన లేని రోజుల్లో బావమరిది వేలం వేసేవాడు. అతనికి అంతా తెలుసు. ఒక్క మాట జారితే పాట శాశ్వతంగా అతనిదే. జారలేదు.

ఒకరోజు బావ లోపల సెలైన్ ఎక్కించుకుంటుంటే మెట్ల కిందికి వచ్చి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. అడగాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, "అప్పుడు నేను నొక్కబట్టే గదండీ ఇప్పుడిది" అన్నాడు. అతని వంక చూశాను. పదేళ్ళకు పైగా ఈ మనిషి ఇది మోస్తున్నాడు. నువ్వు నొక్కేటప్పటికే అది బయట ట్రేలో ఉందయ్యా, బయటున్నది నొక్కితే లోపలికెలా పోతుంది అన్నాను. నీ వేలు చెడగొట్టింది నా రిపోర్టుని, మీ బావని కాదు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఈ మాట అప్పుడెవరూ చెప్పలేదండి" అన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. సర్జన్ అప్పటికి ఊరు మారి వెళ్ళిపోయాడు. ఉండుంటే ఆ రోజు మా ఇద్దరికీ పెద్ద గొడవే అయ్యేది. నాకు ఆయన మీద అంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

కీమో అయిన మరుసటి సంవత్సరం ఎవరిదో పెళ్ళికి బందరు వెళ్ళి, పొద్దున్నే రేవుకి వెళ్ళాను. మా ఇంట్లో చేపలు తినరు, వాసన కూడా పడదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని జనం వెనక నిలబడ్డాను. ఆయన గంపల వరస మొదట్లో ఉన్నాడు. తలకి తువ్వాలు, ఎండలో నల్లగా మెరుస్తున్న మొహం. ధర చెబుతూ, పెంచమని రెచ్చగొడుతూ, ఒకాయన్ని ఎగతాళి చేస్తూ, ఇంకొకాయన్ని పొగుడుతూ గంప తర్వాత గంప దాటుకుంటూ వస్తున్నాడు. నేను గొంతే వింటున్నాను. ముక్కులోకి పోతుందేమోనని నా ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాను. వరస సగం దాటింది. పోలేదు.

నా పక్కన ఒక పెద్దాయన చేరాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. రేవు పెద్దల్లో ఒకరని అందరూ ఆయనకి దారి ఇవ్వడంలోనే తెలిసింది. నన్ను గుర్తుపట్టాడు, అప్పట్లో ఆపరేషన్ రోజు ఆస్పత్రికి వచ్చినవాళ్ళలో ఉన్నాడట. పలకరింపులయ్యాక గొంతు తగ్గించాడు.

"అప్పుడు రెండో స్టేజి అని రాసింది మీరే గదండీ. ఇప్పుడెంతండి ఆయనకి?"

నేను రాసింది రెండో స్టేజి అని కాదు, కానీ అది ఆయనకి ఇప్పుడు చెప్పి లాభం లేదు. ఉద్యోగం చేసినంతకాలం అక్షరం అటూ ఇటూ కాకుండా రాసిన మనిషిని. వేలం వైపు చూశాను.

"ఆ నంబర్లన్నీ మార్చేశారండీ," అన్నాను.

పూర్తిగా అబద్ధం కాదు. గడ్డల పేర్లు మార్చారు, గీతలు జరిపారు. ఆయన నాలుగు మాత్రం పాత లెక్కలోనూ కొత్త లెక్కలోనూ నాలుగే.

పెద్దాయన తల పంకించాడు. "మంచి పని చేశారు. ఆ పాత నంబర్లు నమ్మి మేము రెండు సీజన్లు నష్టపోయాం," అని జనంలోకి నడిచి, ఆ గంపకి ధర పెంచుతూ గొడుగు పైకెత్తాడు. నాలుగో స్టేజిలో ఉన్న మనిషి ఆయన వైపు తిరిగి, రేవంతా వినపడేట్టు, ఇంకాస్త పెంచమన్నాడు.